మీకు తెలుసా? పాలసీ రాయించడం ఒక పూట పని, ఏజెంటుగా ఉండడం ఇరవై ఏళ్ల పని

దేశంలో ఏ మూల బీమా పాలసీ అమ్మినా, అమ్మిన ఏజెంటు ఎలా నడుచుకోవాలో చెప్పే నిబంధనలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. 2000లో చట్టబద్ధ సంస్థగా ఏర్పడిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, 2001లో ఢిల్లీ నుంచి ఇక్కడికి మారింది. నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఆ ఆఫీసుకి శంషాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అరగంట ప్రయాణం.

శంషాబాద్ చుట్టుపక్కల ఈ పనిలోకి దిగుదామా అని తర్జనభర్జన పడేవాళ్లు తక్కువేం కాదు. ఇంటి దగ్గరుండి ఏదైనా చేయాలనుకునే గృహిణి, గోదాంలో రాత్రి షిఫ్టులతో విసిగిపోయిన యువకుడు, ఎయిర్‌పోర్టు క్యూలో గంటలు గంటలు ఎదురుచూసే క్యాబ్ డ్రైవరు, ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారు. వాళ్లందరికీ మొదట వినిపించే మాట ఒకటే: ‘పెట్టుబడి లేదు, ఎవరి కిందా పని చేయక్కర్లేదు.’ ఈ వారం ముచ్చట్లన్నీ ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికే.

ఏజెంటు నిజంగా స్వతంత్రుడేనా?

సమయం వరకూ స్వతంత్రుడే. సరుకు విషయంలో కాదు. మన దేశంలో ఒక వ్యక్తిగత ఏజెంటు ఒక జీవిత బీమా కంపెనీకి, ఒక సాధారణ బీమా కంపెనీకి, ఒక ఆరోగ్య బీమా కంపెనీకి మాత్రమే పని చేయవచ్చు. పంట బీమా, ఎగుమతి రుణ బీమా లాంటి ఒకే రకం వ్యాపారం చేసే సంస్థలకు ఒక్కోదానికి ఒక్కటి అదనం. అంతే. రెండు జీవిత బీమా కంపెనీల పాలసీలను పక్కపక్కన పెట్టి ‘ఇది మీకు మేలు’ అని చెప్పి రెంటిలో ఏదైనా అమ్మే హక్కు ఏజెంటుకి లేదు.

ఆ హక్కు బ్రోకర్‌ది. అయితే డైరెక్ట్ బ్రోకర్ సంస్థ పెట్టాలంటే కనీసం 75 లక్షల రూపాయల మూలధనం చూపాలి. మధ్యలో ఒక దారి ఉంది. 2015లో వచ్చిన పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్ పద్ధతి. పదో తరగతి పాసై, 15 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష రాస్తే, ఒక బ్రోకర్ కింద చేరి ఆ బ్రోకర్ దగ్గరున్న పలు కంపెనీల సాదా పాలసీలు అమ్మవచ్చు. బండి ఇన్సూరెన్సులు ఎక్కువగా నడిచే శంషాబాద్ లాంటి చోట చాలామందికి ఇదే తొలి మెట్టు. సంక్లిష్టమైన పాలసీలు మాత్రం ఈ దారిలో అమ్మనివ్వరు.

కాబట్టి ఏ కంపెనీ ఏజెన్సీ తీసుకుంటున్నామన్నది పెళ్లి సంబంధం చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. క్లెయిములు ఎంత త్వరగా ఇస్తుంది, బ్రాంచి మన ఊరికి ఎంత దూరం, కాగితం తేడా వస్తే అక్కడ మాట్లాడే మనిషి ఉన్నాడా అన్నవి కమిషన్ శాతం కంటే ముందు అడగాల్సినవి. రేపు మన వీధిలోవాళ్లు నిలదీసేది కంపెనీ చైర్మన్‌ని కాదు, మనల్ని.

చేరడం సులువు

పదో తరగతి చాలు. 18 ఏళ్లు నిండాలి, పాన్ కార్డు ఉండాలి. 25 గంటల శిక్షణ, తర్వాత ఐసీ-38 అనే పరీక్ష. తెలుగులోనూ రాయవచ్చు. ఒకప్పుడు మూడేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేసుకోవాల్సి వచ్చేది. 2015లో చట్టం మారాక కంపెనీయే నియామక పత్రం ఇస్తోంది.

పరీక్ష గండం కాదు. తర్వాతి పద్దెనిమిది నెలలు గండం.

మొదటి ఏడాది కమిషన్ చూసి మురిసిపోవచ్చా?

ఇక్కడ కాగితం, కలం తీసుకుని లెక్క వేసుకోవాలి. నెలల తరబడి తిరిగాక అర్థమయ్యే సంగతి ముందే అర్థమవుతుంది.

దీర్ఘకాలపు జీవిత బీమా పాలసీల మీద ఏళ్ల తరబడి నడిచిన కమిషన్ తీరు ఇది: మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా, రెండు, మూడో ఏళ్లు ఏడున్నర శాతం, ఆపైన అయిదు శాతం. 2023లో వచ్చిన నిబంధనలతో కమిషన్ ఎంతివ్వాలో మొత్తం ఖర్చు పరిమితికి లోబడి కంపెనీల బోర్డులే నిర్ణయించుకుంటున్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి పాలసీ మధ్యలో మానేసినవారికి ఎక్కువ డబ్బు తిరిగివ్వాలన్న సరెండర్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో ఎల్ఐసీ మొదటి ఏడాది కమిషన్ తగ్గించి, తర్వాతి ఏళ్లది పెంచింది. అందువల్ల ఇప్పటి శాతాలు కంపెనీని బట్టి మారతాయి. లెక్క తీరు అర్థం కావడానికి పాత శాతాలే తీసుకుందాం.

ఏడాదికి 24,000 ప్రీమియం కట్టే పాలసీ ఒకటి చేయించారు. మొదటి ఏడాది మీకు 8,400. రెండు, మూడో ఏడు 1,800 చొప్పున. నాలుగో ఏడు నుంచి 1,200. నెలకు పాతిక వేలు రావాలంటే మొదటి ఏడాది ఇలాంటివి 36 చేయించాలి, అంటే నెలకు మూడు. వినడానికి తేలికే. కానీ బంధువులు, స్నేహితులు, పాత సహోద్యోగులు అయిపోయాక నాలుగో నెలలో ఎవరింటి తలుపు తడతారు? పెట్రోలు, ఫోను, టీ ఖర్చులు ఆ పాతికలోంచే పోవాలి. జీతం లేదు, పీఎఫ్ లేదు. కమిషన్ ఏడాదిలో 20,000 దాటితే టీడీఎస్ కూడా పట్టుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి అది 2 శాతం.

ఇప్పుడు అదే ఏజెంటు పదేళ్లు ఏటా 36 చొప్పున చేయించాడనుకుందాం. ఒక్క పాలసీ కూడా ఆగలేదనుకుందాం. పదో ఏట కొత్త పాలసీల మీద 3,02,400 వస్తే, పాతవాటి మీద 4,32,000 వస్తుంది. పాతవి కొత్తవాటిని దాటేశాయి. అదే సగం పాలసీలు ల్యాప్స్ అయి ఉంటే పాతవాటి రాబడి 2,16,000కి పడిపోతుంది. ఏటా పోతున్న ఆ రెండు లక్షల పదహారు వేలు, ‘కట్టగలరో లేదో తర్వాత సంగతి, ముందు సంతకం పెట్టించు’ అనుకున్న రోజుల ఫలితం.

బీమా రంగంలో దీనికో కొలత ఉంది: పర్సిస్టెన్సీ. పదమూడో నెలలో ఎన్ని పాలసీలకు ప్రీమియం వచ్చింది, అరవై ఒకటో నెలలో ఎన్నింటికి వచ్చింది అని చూస్తారు. ఒక ఏజెంటు ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఇంతకంటే నిఖార్సైన అంకె నాకు కనిపించలేదు. మీకు శిక్షణ ఇస్తామన్న సీనియర్‌ను ఆయన కారు గురించి కాకుండా ఈ అంకె గురించి అడగండి.

మొదటి ప్రీమియం ఏజెంటే కట్టేస్తే?

‘అన్నా, మొదటి కిస్తీ నేను చూసుకుంటాలే’ అనే మాట మన దగ్గర మామూలైపోయింది. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం కమిషన్‌లోంచి ఇలా వాపసు ఇవ్వడం నేరం. తీసుకోవడమూ నిషిద్ధమే. 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, ఉచితంగా వచ్చిన పాలసీకి రెండో ఏడు సొంత డబ్బు తీసి కట్టేవాళ్లు తక్కువ. ఏజెంటుకి చేతి డబ్బు పోతుంది, రెన్యువల్ పోతుంది, మనిషీ దూరమవుతాడు.

అడిగితే కమిషన్ చెప్పాల్సిందే

పాలసీ తీసుకోబోయేవారు ‘ఇందులో మీకెంత వస్తుంది?’ అని అడిగితే ఏజెంటు చెప్పి తీరాలని ప్రవర్తనా నియమావళిలో ఉంది. అడిగినప్పుడు గుర్తింపు కార్డు చూపాలి. నామినీ పేరు రాయించమని పాలసీదారుకి చెప్పాలి. క్లెయిము వేళ సాయపడాలి. క్లెయిము డబ్బులో వాటా అడగకూడదు. నడుస్తున్న పాలసీని బలవంతంగా మాన్పించి కొత్తది చేయించకూడదు.

ఈ నాలుగైదు వాక్యాలు చదివినప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించలేదంటే, ఈ పని మీకు సగం నప్పినట్టే.

శంషాబాద్‌లో ఏజెంటుకి పని ఎక్కడుంది?

ఇది కాస్త ఎక్కువసేపు చెప్పుకోవాలి. ఏ ఊళ్లో అయినా కంపెనీ బ్రోచరు ఒకటే. ఊరి అవసరాలు మాత్రం ఒకటి కావు.

2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యింది. సుమారు 5,500 ఎకరాల్లో విస్తరించింది. దాని వెంట హోటళ్లు, గోదాములు, విమానాల మరమ్మతు షెడ్లు, లేఅవుట్లు వచ్చాయి. సేద్యం చేసిన కుటుంబాల చేతికి భూమికి బదులు డబ్బు వచ్చింది. డబ్బున్న ఇంటికి పాలసీలు అమ్మేవాళ్లు వరస కడతారు. ఆ ఇంటికి ఏది అవసరమో చూసేవాళ్లు అరుదు.

ఒక చిన్న సంగతి చూడండి. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది. పట్టాదారు పాసుపుస్తకం ఉండి 18 నుంచి 59 ఏళ్ల వయసున్న రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. మరి ఉన్న భూమంతా అమ్మేసిన రైతు? పాసుపుస్తకంతో పాటు ఆ రైతుబీమా కూడా పోతుంది. ఇల్లు కట్టారు, కారు కొన్నారు, పిల్లని కాలేజీలో చేర్పించారు. ఇంటి పెద్ద ప్రాణం మీదున్న భరోసా జారిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఆ మాట వెళ్లి చెప్పేవాడే ఏజెంటు. చెప్పి, అతని వయసుకి, అప్పుకి తగ్గట్టు టర్మ్ పాలసీ చేయిస్తే అది ఆ ఇంటికి జరిగిన మేలు. టర్మ్ పాలసీకి ప్రీమియం తక్కువ కాబట్టి ఏజెంటు చేతికొచ్చేదీ తక్కువే. ఎక్కువ కమిషన్ తెచ్చే పాలసీ, ఆ ఇంటికి నిజంగా పనికొచ్చే పాలసీ చాలాసార్లు ఒకటి కావు. ఈ పనిలో ఉన్నంతకాలం ఆ రెంటి మధ్య నిలబడాల్సి వస్తుంది. ఆ ఒరిపిడి భరించలేనివారు ముందే ఆలోచించుకోవడం మంచిది.

క్యాబ్ డ్రైవర్ల సంగతి చూద్దాం. బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి జరిగిన నష్టానికి. బండి యజమాని స్వయంగా నడుపుతూ ప్రమాదానికి గురైతే ఉండే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు. అది వర్తించాలంటే బండి అతని పేరు మీదే రిజిస్టర్ అయి ఉండాలి, లైసెన్సు ఉండాలి. లోను దొరకదని బావమరిది పేరు మీద బండి కొని తాను నడిపే డ్రైవరుకి యజమాని-డ్రైవరు బీమా వర్తించదు. ఇది చెప్పడానికి పదే పది నిమిషాలు పడుతుంది. చెప్పినందుకు ఆ రోజు రూపాయి రాకపోవచ్చు.

గోదాముల్లో, హోటళ్లలో కాంట్రాక్టు పనివాళ్లకు నెల జీతం 21,000 వరకూ ఉంటే ఈఎస్ఐ ఉంటుంది. కాంట్రాక్టరు మారితే, పని పోతే, ఆ రక్షణ కూడా కొద్ది కాలానికే పోతుంది.

అన్నింటికన్నా నన్ను ఎక్కువ కదిలించేది డిపార్చర్ గేటు ముందు కనిపించే గల్ఫ్ ప్రయాణికులు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే సాగనంపడానికి వస్తాయి. ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరైన పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండాలి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు వస్తాయి. గమనించాల్సింది ‘ప్రమాదంలో’ అన్న మాట. ఎండలో పని చేస్తూ గుండె ఆగి చనిపోతే అది సహజ మరణం కిందికి వెళ్లవచ్చు. ఆ కుటుంబానికి ఆ 10 లక్షలు రాకపోవచ్చు. వెళ్లేముందు సాదా టర్మ్ పాలసీ ఒకటి తీసుకుని, కాగితాలు ఎక్కడున్నాయో భార్యకి చూపించి వెళ్లమని చెప్పే మనిషి ప్రతి ఊళ్లో ఒకరుండాలి. ఆ ఒక్కరు మీరు కావచ్చు.

‘షుగర్ ఉందని రాయొద్దులే’

ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు ఈ మాట అన్న ఏజెంటు ఆ కుటుంబానికి చేసే కీడు అంతా ఇంతా కాదు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు దాటాక కంపెనీ దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించలేదు. ఆ మూడేళ్లలోపు మాత్రం దాచిన జబ్బు బయటపడితే క్లెయిము ఆగిపోవచ్చు. నిజం రాస్తే ప్రీమియం కాస్త పెరుగుతుంది, ఒక్కోసారి పాలసీయే రాకపోవచ్చు. మీ కమిషన్ పోతుంది. పోనివ్వండి. రాయకుండా తెచ్చుకున్న పాలసీ వల్ల, పదకొండో రోజున ఆ ఇంటి గడప తొక్కలేని పరిస్థితి వస్తుంది.

ఒక్క రోజులో 5,88,107 పాలసీలు

2025 జనవరి 20న ఎల్ఐసీ ఏజెంట్లు 4,52,839 మంది కలిసి 24 గంటల్లో అన్ని పాలసీలు చేయించారు. గిన్నిస్ రికార్డు. సగటు తీస్తే ఒక్కొక్కరికి ఒకటింబావు చిల్లర. అంత హోరెత్తించిన రోజున కూడా సగటు ఏజెంటు చేయించింది ఒకటి, మహా అయితే రెండు. నెలకు పది చేయిస్తానని లెక్కలు వేసుకుని ఉన్న ఉద్యోగం మానేసేవాళ్లు ఈ సగటును ఒకసారి చూడాలి.

ఆడవాళ్లకు మొదటి మూడేళ్ల ఊతం

2024 డిసెంబరు 9న పానిపట్‌లో మొదలైన ఎల్ఐసీ బీమా సఖి పథకంలో, పదో తరగతి పాసైన 18 నుంచి 70 ఏళ్ల మహిళలకు కమిషన్‌తో పాటు నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. మొదటి ఏడాది 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. మొదటి ఏడాది 24 మందికి పాలసీలు చేయించాలి. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే ముందటేడు చేయించిన వాటిలో కనీసం 65 శాతం నడుస్తూ ఉండాలి. ఈ షరతు నాకు బాగా నచ్చింది. ఇప్పటికే ఏజెంట్లుగా, ఉద్యోగులుగా ఉన్నవారి దగ్గరి బంధువులు చేరడానికి లేదు. స్వశక్తి సంఘాల్లో పొదుపు పుస్తకాలు రాసిన అనుభవమున్న మహిళలు ఈ పనిలో రాణిస్తారని నా గట్టి నమ్మకం. నెలనెలా డబ్బు వసూలు చేయడం, మొహమాటం లేకుండా గుర్తు చేయడం, ఎవరింట్లో కష్టం ఉందో తెలుసుకోవడం వాళ్లకు కొత్త కాదు.

తెలుగు నేల మీద పాత అనుబంధం

నిజాం ప్రభుత్వం తన ఉద్యోగుల కుటుంబాల కోసం నిధి పెట్టింది 1907లో. నేటి తెలంగాణ ప్రభుత్వ జీవిత బీమా శాఖ మూలాలు అక్కడే. అటు బందరులో, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య రెండేళ్లకే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలుపెట్టారు. 1956లో దేశంలోని 245 బీమా సంస్థలను, ప్రావిడెంట్ సొసైటీలను కలిపి ఎల్ఐసీ ఏర్పాటు చేసేదాకా ఇలాంటి కంపెనీల పాలసీలను ఊరూరా చేర్చింది ఏజెంట్లే.

జీఎస్టీ లేదు

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. పాత పాలసీదారుల్లో ఈ సంగతి తెలియనివారు ఇంకా ఉన్నారు. కొత్త ఏజెంటుకి మాట కలపడానికి ఇది మంచి సందర్భం.

చేరేముందు మూడు నెలలు ఇలా చేసి చూడండి

ఉన్న ఉద్యోగం మానకుండానే చేయవచ్చు. మీ వీధిలో పది ఇళ్లకు వెళ్లి, ఏమీ అమ్మకుండా, ఉన్న పాలసీ కాగితాలు చూసిపెడతానని అడగండి. నామినీగా చనిపోయిన తల్లి పేరే ఉండిపోయిన పాలసీలు, ఆగిపోయినవి, బాండు ఎక్కడుందో తెలియనివి కనిపిస్తాయి. వాటిని సరిచేయడానికి బ్రాంచి చుట్టూ తిరిగి చూడండి. రెండోసారి పిలిచినప్పుడు వెళ్లాలనిపించిందా, విసుగొచ్చిందా? ఎవరైనా ‘వద్దమ్మా’ అని తలుపేస్తే రాత్రి నిద్ర పట్టిందా? ఇంట్లో ఏడాదిన్నర ఖర్చుకి డబ్బు గానీ, మరొకరి జీతం గానీ ఉందా? డబ్బు గురించిన ఆఖరి ప్రశ్నకి ‘లేదు’ అన్నదే జవాబైతే, పార్ట్‌టైమ్‌గా మొదలుపెట్టడమే మేలు. అవసరం మెడ మీద కూర్చున్నప్పుడు ఎదుటివారికి పనికిరాని పాలసీ అంటగట్టకుండా ఉండడం ఎంతటి మంచివాడికైనా కష్టం.

మానేస్తే రెన్యువల్ కమిషన్ ఏమవుతుంది?

సంతకం పెట్టేముందు అడగాల్సిన ఆఖరి ప్రశ్న ఇది. కంపెనీని బట్టి జవాబు మారుతుంది. కొన్ని ఏళ్లు పూర్తి చేస్తేనే హక్కు వస్తుంది, కనీస వ్యాపారం తగ్గితే ఏజెన్సీయే రద్దు కావచ్చు. ఎల్ఐసీలో నిబంధనలకు లోబడి, ఏజెంటు చనిపోయాక కూడా కుటుంబానికి రెన్యువల్ కమిషన్ అందుతుంది. 2023 సెప్టెంబరులో కేంద్రం ఎల్ఐసీ ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితిని 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచింది. మానేసి మళ్లీ చేరినవారికి రెన్యువల్ కమిషన్ అర్హత కూడా అప్పుడే ఇచ్చింది. మీరు చేరబోయే కంపెనీ నియమాలను నోటిమాటగా వినకుండా నియామక పత్రంతో పాటు కాగితం మీద తీసుకుని, ఆ కాపీని ఇంట్లో మరొకరికి కూడా చూపించి పెట్టండి.